రెండు పడవల ప్రయాణము కాదు

ఉద్యోగము చేయుచు పైచదువు చదువువానిని చూచి లోకము రెండు విధములుగా మాటలాడును. ఒకరు "పాపము, ఎంత శ్రమ!" అందురు. మరియొకరు "రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు ఏ గట్టు చేరును?" అని పెదవి విరుతురు. జాలిపడు మాటలోను, ఎత్తిపొడుపు మాటలోను ఒకే అభిప్రాయము దాగియున్నది. పూర్తికాలపు చదువే అసలు చదువనియు, ఉద్యోగస్థుని పార్ట్‌టైమ్ చదువు దానికి నకలు మాత్రమే యనియు ఆ అభిప్రాయము. ఇతర శాస్త్రముల విషయమున అది ఎంతవరకు నిజమో వేరుగా విచారింపవలసినదే. బయోమెడికల్ ఇంజనీరింగు విషయమున మాత్రము అది తలక్రిందులైన మాట. ఈ శాస్త్రమును పోస్టుగ్రాడ్యుయేటు స్థాయిలో అభ్యసించుటకు, పగలు ఆసుపత్రిలోనో వైద్యపరికరముల కర్మాగారములోనో పనిచేసి సాయంకాలము తరగతికి వచ్చు విద్యార్థి మిక్కిలి తగిన అధికారి. అతని చదువును రెండవ తరగతి చదువుగా ఎంచుటవలన నష్టపడునది అతడొక్కడే కాదు. యంత్రమును నమ్మి మంచముపై పడుకొనిన రోగియు నష్టపడును.

దేహమునకు పటము లేదు

బయోమెడికల్ ఇంజనీరింగు అనగా దేహమునకును యంత్రమునకును పొత్తు కుదుర్చు శాస్త్రము. గుండె కొట్టుకొను తీరును కాగితముపై గీయు ఇ.సి.జి., ఊపిరి తీయలేనివానికి ఊపిరి యందించు వెంటిలేటరు, మూత్రపిండములు చెడినవాని రక్తమును శుద్ధిచేయు డయాలిసిస్ యంత్రము, నెలలు నిండక పుట్టిన శిశువును వెచ్చగా కాపాడు ఇంక్యుబేటరు, కాలు పోయినవానికి కృత్రిమపాదము, గుండెలో అమర్చు కవాటము, ఇవి యన్నియు దీని పరిధిలోనివే. కావున దీనిని చదువువాడు ఎముకలపై పడు బలముల లెక్కను, రక్తముతో పొసగు లోహముల గుణములను, దేహమునుండి వెలువడు సూక్ష్మమైన విద్యుత్సంకేతములను పట్టు విధమును, వానినుండి అర్థము తీయు గణితమును నేర్వవలెను. అన్నిటికిని మించి, రోగికి అపాయము కలుగనీయని కట్టుదిట్టములను నేర్వవలెను.

మన తెలుగునాట ఈ చదువునకు మొదటి అడ్డుగోడ పదునైదు పదునారేండ్ల ప్రాయముననే లేచును. పదవ తరగతి గడచినతోడనే విద్యార్థి ఎం.పి.సి. వైపో బై.పి.సి. వైపో తిరుగుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఒకడు జీవశాస్త్రమునకు, మరియొకడు గణితమునకు నమస్కారము పెట్టి వెడలిపోవును. ఆరేడేండ్ల తరువాత ఎలక్ట్రానిక్సులో పట్టము పుచ్చుకొన్న యువకుడు బయోమెడికల్ ఎం.టెక్. తరగతిలో కూర్చుండినపుడు, రక్తప్రసరణమును గూర్చిన ప్రశ్నకు పదవ తరగతి వాచకమును జ్ఞాపకము చేసికొనవలసి వచ్చును. అతడు అంతవరకు నేర్చిన యంత్రములకు పటములు కలవు. ఏ భాగము ఎచ్చట నున్నదో, ఎంత వేడిని తాళునో, చేసినవాడే వ్రాసి యిచ్చియున్నాడు. దేహమునకు అట్టి పటమును ఎవరును ఇయ్యలేదు. అది మనిషి మనిషికిని మారును. ఒకే మనిషియందు ఉదయమునకును సాయంకాలమునకును మారును. ఈ సత్యము పుస్తకమున ఒక్క వాక్యము మాత్రమే. ఆసుపత్రి వార్డులో అది దినదినము కంటబడు అనుభవము.

ఒక ఉదాహరణము చూడవచ్చును. గుండె పుట్టించు విద్యుత్తు చర్మముపైకి వచ్చుసరికి సుమారు ఒక మిల్లీవోల్టు మాత్రమే యుండును. అదే గదిలోని గోడలలో 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 మారులు అటునిటు ఊగుచు ప్రవహించుచుండును. సంతలో ఒకడు చెవిలో గుసగుసలాడినట్లు, ఆ హోరులో గుండె మాట వినబడవలెను. రెండు ఎలక్ట్రోడులకును సమానముగా సోకు హోరును తీసివేసి, వాని మధ్యగల భేదమును మాత్రమే పెద్దది చేయు సర్క్యూటును తరగతిలో బోధింతురు. పూర్తికాలపు విద్యార్థి దానిని సమీకరణముగా నేర్చి పరీక్షలో తప్పులేకుండ వ్రాయును. ఆసుపత్రిలో పనిచేయు విద్యార్థి మరికొన్ని సంగతుల నెరుగును. ఎలక్ట్రోడు క్రింది జెల్ ఎండిపోయినను గీత వణకును. గోడలోని ఎర్తు తీగ తెగిపోయినను వణకును. రోగి చలికి వణకినను ఆ గీతయు వణకును. వీనిలో ఏది కారణమో తెలియక నర్సు చేసిన ఫిర్యాదు అతని చెవిలో మెదలుచునే యుండును. అట్టివానికి సమీకరణము క్రొత్త భారము కాదు, పాత తగవునకు దొరకిన తీర్పు.

మరియొక సంగతి ప్రాణముతో ముడిపడినది. పొడి చర్మము విద్యుత్తునకు కొంత అడ్డుకట్ట వేయును. కాని గుండెలోనికి సన్నని గొట్టమునో తీగనో పంపిన రోగికి ఆ అడ్డుకట్ట లేదు. చేతితో తాకినవాడు గుర్తింపజాలనంత స్వల్పమైన విద్యుత్తు తిన్నగా గుండెకు చేరినచో దాని లయ చెదరిపోగలదు. అందువలననే గుండెను తాకు పరికరములనుండి సామాన్యస్థితిలో రోగికి చేరు విద్యుత్తు 10 మైక్రో ఆంపియర్లకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణములు నిర్దేశించినవి. ఈ అంకెను కంఠస్థము చేసినవానికిని, ఆ రోగి మంచము ప్రక్కన నిలిచి ప్లగ్గును చేతబట్టుకొని యోచించినవానికిని భేదము కలదు.

చరిత్ర చెప్పు సాక్ష్యము

ఈ శాస్త్రము పెరిగిన తీరును గమనించినచో, రెండుచోట్ల కాలుపెట్టినవారే దీనిని ముందునకు నడపినట్లు తెలియును. 1956లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను విశ్వవిద్యాలయమున ఆలన్ కార్మాక్ అను భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు ఉండెను. అచటి గ్రూట్ స్కూర్ ఆసుపత్రిలో భౌతికశాస్త్రజ్ఞుని స్థానము ఖాళీపడెను. రేడియోధార్మిక పదార్థముల వాడుకను అర్హతగల భౌతికశాస్త్రజ్ఞుడు పర్యవేక్షింపవలెనని ఆ దేశపు చట్టము. కార్మాక్ ఆ సంవత్సరము మొదటి సగమున వారమునకు ఒకటిన్నర దినము ఆసుపత్రిలో పనిచేయుటకు ఒప్పుకొనెను. అక్కడ కాన్సరు రోగులకు కిరణచికిత్స నిర్ణయించునపుడు దేహము లోపలనంతయు ఒకే తీరున ఉండునన్నట్లు లెక్కకట్టుట అతడు చూచెను. ఎముకయు, ఊపిరితిత్తియు, కండయు కిరణములను ఒకే విధముగా మ్రింగవు గదా! దేహము వెలుపలనుండి నలుదిక్కుల తీసిన కొలతలతో లోపలి భాగముల భేదమును కనుగొనుట ఎట్లు అను ప్రశ్న అతనిని వదలలేదు. దాని గణితమును 1963, 1964 సంవత్సరములలో ప్రకటించెను. నాడు దానిని పట్టించుకొన్నవారు అరుదు.

ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు వేరొక దారిన అదే గమ్యమును చేరెను. 1971 అక్టోబరు 1వ తేదీన లండను ప్రాంతమందలి అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో అతని యంత్రము ఒక రోగి మెదడు లోపలి చిత్రమును తీసెను. నేడు చిన్న పట్టణములకుకూడ వచ్చిన సి.టి. స్కానునకు మూలమదియే. 1979లో వైద్యశాస్త్రపు నోబెలు బహుమతిని వారిద్దరును పంచుకొనిరి. ఇద్దరిలో ఎవరును వైద్యులు కారు. వారమునకు ఒకటిన్నర దినపు పని, పూర్తికాలపు బోధన ఎన్నడును అడుగని ప్రశ్నను అడిగించెను.

అమెరికాలోని మిన్నియాపోలిస్ నగరమున ఎర్ల్ బాకెన్ విద్యుత్ ఇంజనీరింగులో పైచదువు చదువుచు, తీరిక వేళలందు ఆసుపత్రి యంత్రములను బాగుచేయుచుండెను. ఆ మరమ్మతుపనియే 1949లో అతడు తన బంధువుతో కలిసి ఒక గ్యారేజిలో స్థాపించిన దుకాణమయ్యెను. ఆనాడు గుండెశస్త్రచికిత్స జరిగిన బిడ్డలకు తోడ్పడు పేస్‌మేకరు గోడలోని ప్లగ్గుపై ఆధారపడియుండెను. 1957 అక్టోబరు 31న నగరమున విద్యుత్తు ఆగిపోయెను. ప్లగ్గును నమ్మి పసిగుండెలను నడపుట ఎంత ప్రమాదమో శస్త్రవైద్యుడు వాల్టన్ లిల్లీహైకి తెలిసివచ్చెను. అతడు ఏ గొప్ప ప్రయోగశాలకును వ్రాయక, దినమును ఆసుపత్రిలో కనబడు బాకెన్‌ను పిలిచి అడిగెను. సంగీతమునకు తాళము వేయు మెట్రోనోము సర్క్యూటును ఒక పత్రికలో చూచియున్న బాకెన్, దానిని మార్చి కొద్ది వారములలో బ్యాటరీతో నడచు చిన్న పేస్‌మేకరును తయారుచేసెను. వైద్యుని అక్కరయు, ఇంజనీరు నేర్పును ఒకే వరండాలో కలిసికొన్న ఫలమది.

మన దేశముననే తిరువనంతపురము శ్రీచిత్ర తిరునాళ్ సంస్థయందు ఆసుపత్రియు, పరికరములను రూపొందించు విభాగమును ఒకే యాజమాన్యము క్రింద నడచుచున్నవి. దిగుమతియైన గుండెకవాటము కొనలేని రోగులకై ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వమున అచటివారు దేశీయ కవాటమునకు పూనుకొనిరి. ముందటి నమూనాలు పరీక్షలలో విఫలమయ్యెను. నాలుగవ నమూనా నిలిచెను. 1990 డిసెంబరులో దానిని మొదటిసారి ఒక రోగికి అమర్చిరి. గుండె నిమిషమునకు 70 మారులు కొట్టుకొనినచో కవాటము ఏడాదికి సుమారు 3 కోట్ల 68 లక్షల మారులు తెరచుకొని మూసికొనవలెను. ఇంత పనిని ఏండ్ల తరబడి చేయగల వస్తువును వెదకుట లోహశాస్త్రజ్ఞుని పని. అది చెడినచో ఏమగునో నిత్యము కళ్లయెదుట నుంచువాడు శస్త్రవైద్యుడు. హైదరాబాదునను ఇట్టి సంగతి జరిగినది. క్షిపణులకై తయారుచేసిన తేలికైన పదార్థమును నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ ఎముకల వైద్యుడొకడు చేతబట్టి చూచుట, అతడు అబ్దుల్ కలామ్‌ను ఆసుపత్రికి తోడ్కొనిపోయి సుమారు 3 కిలోల లోహపు కట్లతో కాళ్లీడ్చుచున్న పోలియో బిడ్డలను చూపుట, ఆపై 300 గ్రాముల కట్లు తయారగుట, కలాము పలుమారులు చెప్పిన వృత్తాంతమే. పదార్థము ప్రయోగశాలలో అంతకుముందే యుండెను. ఆ బిడ్డలను కంటితో చూచువరకు దాని ఉపయోగము తోచలేదు.

మూలబడిన యంత్రములు

ఇట్టివారి అవసరము నేడు మన దేశమున ఎంత కలదో తెలిసికొనుటకు జిల్లా ఆసుపత్రులలో గుడ్డ కప్పి మూలకు నెట్టిన యంత్రములే చాలును. జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో వైద్యపరికరముల నిర్వహణ కార్యక్రమమును చేపట్టినపుడు, రాష్ట్రములలో జరిపిన లెక్కింపున 13 నుండి 34 శాతమువరకు పరికరములు పనిచేయుట లేదని తేలెను. ఇవి యన్నియు నాసిరకపువి కావు. కొన్ని విద్యుత్తు హెచ్చుతగ్గులకు కాలిపోవును; కొన్ని చిన్న విడిభాగము దొరకక నిలిచిపోవును; కొన్నిటిని నడుపుట తెలిసినవాడు బదిలీయై పోవును. వేరొక దేశపు చల్లని గదులకై తయారైన యంత్రము మన ఎండకును, ధూళికిని తాళలేకపోవుటయు కలదు. విరిగినదానిని బాగుచేయుటకు నేర్పరియైన మెకానిక్కు చాలును. కాని ఏ యంత్రమును కొనవలెను, అది చూపు అంకె నిజమా కాదా, మన వాతావరణమునకు దానిని ఎట్లు మార్చవలెను అను ప్రశ్నలకు లోతైన చదువు కావలెను.

చట్టమును ఈ అవసరమును పెంచినది. 2017లో రూపొందించిన వైద్యపరికరముల నియమములు 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. అవి పరికరములను అపాయమునుబట్టి ఏ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విభజించినవి. 2020 ఏప్రిలు 1 నుండి వైద్యపరికరములన్నిటిని ఔషధములవలెనే చట్టపరిధిలోనికి తెచ్చిరి. 2023లో కేంద్రప్రభుత్వము జాతీయ వైద్యపరికరముల విధానమును ఆమోదించెను. విశాఖపట్నమున మెడ్‌టెక్ జోనును, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూరున వైద్యపరికరముల పార్కును వెలసినవి. అచట పనిచేయు యువ ఇంజనీర్లకు, ఆసుపత్రుల యంత్రవిభాగములలో ఉన్నవారికి పైచదువు కావలెను. కాని రెండేండ్లు జీతము వదలుకొని చదువుటకు వారిలో ఎందరికి సాధ్యము? తల్లిదండ్రుల మందుల ఖర్చు, తమ్ముని చదువు, ఇంటి అద్దె ఆ రెండేండ్లు ఆగియుండవు గదా!

చదువు చెప్పు సంస్థలు మనకు లేకపోలేదు. ఢిల్లీ ఐ.ఐ.టి.యును, అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థయు కలిసి 1971లోనే బయోమెడికల్ ఇంజనీరింగు కేంద్రమును స్థాపించినవి. మద్రాసు ఐ.ఐ.టి., వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల, శ్రీచిత్ర సంస్థ కలిసి క్లినికల్ ఇంజనీరింగు పట్టమును రూపొందించినవి. హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఈ శాఖ కలదు. గేటు పరీక్షలో 2020 నుండి బయోమెడికల్ ఇంజనీరింగునకు వేరు ప్రశ్నపత్రము ఏర్పడెను. కాని ఈ ద్వారములు ఎక్కువగా తెరచుకొనునది పగలంతయు తీరికగల విద్యార్థికే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము ఉద్యోగస్థులైన ఇంజనీర్లకై అప్లైడ్ బయోమెడికల్ ఇంజనీరింగులో మాస్టర్సు పట్టమును నడుపుచున్నది. పది కోర్సులను అయిదేండ్లలో ముగింపవచ్చును. బ్రిటనులోను పెక్కు విశ్వవిద్యాలయములు ఇట్టి వెసులుబాటు నిచ్చుచున్నవి. ఇతర ఇంజనీరింగు శాఖలలో సాయంకాలపు తరగతులు నడపిన అనుభవము మన విశ్వవిద్యాలయములకును లేకపోలేదు. ఆ వెసులుబాటు మిక్కిలి అవసరమైన ఈ శాఖకే అది అరుదుగా దొరకుట విచారకరము.

కష్టమును దాచుట తగదు

ఈ చదువును మెచ్చుకొనువారు దాని కష్టమును దాచిపెట్టుట న్యాయము కాదు. బ్రిటనులో మాస్టర్సు పట్టమునకు 180 క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిటునకు సుమారు 10 గంటల చదువు. మొత్తము 1,800 గంటలు. దీనిని రెండేండ్లకు పంచినచో సెలవులు లేకుండ వారమునకు 17 గంటలు దాటును. మూడేండ్లకు పంచినను 11 గంటలు దాటును. ఎనిమిది గంటల ఉద్యోగము, బస్సు ప్రయాణము, ఇంటిపని అయిన తరువాత ఈ గంటలు ఎక్కడనుండి వచ్చును? నిద్రనుండియు, పిల్లలతో గడపు సాయంకాలములనుండియు వచ్చును. ఇంటిలో ఒకరు చదువుచున్నారనగా మరియొకరు వారి పని మోయుచున్నారని అర్థము. స్త్రీలయెడ ఈ భారము ఇబ్బడియగును. ఉద్యోగము తరువాత వంటయిల్లు, ఆ తరువాతనే పుస్తకము.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల దశకమున బోస్టనులో చదువుకొనుచు, పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో చిన్నపనులు చేసెను. 1925లో ఫిస్కేతో కలిసి అతడు ప్రకటించిన భాస్వరమును కొలుచు పద్ధతి జీవరసాయన ప్రయోగశాలలలో చిరకాలము నిలిచెను. మనవారు గర్వించుటకు ఇది తగిన కథయే. కాని మహామేధావి కథను చూపి సామాన్య విద్యార్థి అలసటను చిన్నబుచ్చరాదు. కష్టపడినవాడు పైకి వచ్చునని చెప్పి చేతులు దులుపుకొనుట సులభము. కష్టపడువాడు మధ్యలో కూలిపోకుండ ఏర్పాటు చేయుట సంఘముయొక్క ధర్మము.

మరియొక ఆక్షేపణయు కలదు. పదోన్నతికై కాగితము సంపాదించుటకే పలువురు ఇట్టి తరగతులలో చేరుదురనియు, అలసినవారిపై దయతో అధ్యాపకులు పాఠములను పలుచన చేయుదురనియు పెద్దలందురు. ఈ మాటలో నిజము లేకపోలేదు. పలుచనైన చదువు వేరొక శాఖలో ఒక లెక్కను చెరుపును. ఇక్కడ ఒక ప్రాణమును చెరుపగలదు. కాని దానికి మందు తరగతులను మూసివేయుట కాదు. పగటి విద్యార్థికి ఏ ప్రశ్నపత్రమో సాయంకాలపు విద్యార్థికిని అదే ప్రశ్నపత్రము పెట్టవలెను. దయను గడువులో చూపవలెను, మార్కులలో చూపరాదు. క్రొత్త సిద్ధాంతములను శోధించు పరిశోధకునకు తెరపిలేని కాలము కావలెనన్న మాటయు ఒప్పుకొనదగినదే. వాని దారి పూర్తికాలపు దారియే. అతడును, ఆసుపత్రి ఇంజనీరును ఒకరికొకరు పోటీ కారు. రెండవవాడు తెచ్చు ప్రశ్నలు లేనిచో మొదటివాని శోధన గాలిలో మేడయగును.

విశ్వవిద్యాలయములు చేయదగినది

పగటిపాఠమును సాయంకాలము మరల చదివి వినిపించుట పార్ట్‌టైమ్ చదువు కాజాలదు. దాని నిర్మాణమే వేరుగా నుండవలెను. మొదటి సెమిస్టరులో శరీరధర్మశాస్త్రమును వైద్యకళాశాల అధ్యాపకుల చేత, వీలైనంతవరకు ఆసుపత్రిలోనే చెప్పింపవలెను. పదవ తరగతిలో ఆగిపోయిన జీవశాస్త్రము అక్కడనుండి మరల మొదలగును. విద్యార్థి సిద్ధాంతవ్యాసమునకు విషయమును అతని పనిచోటునుండియే ఎన్నుకొననీయవలెను. ఏ వార్డులో ఏ అలారము ఊరక మ్రోగుచున్నది, ఏ ఇంక్యుబేటరు వేసవిలో తప్పు ఉష్ణోగ్రతను చూపుచున్నది అను ప్రశ్నలు చిన్నవిగా కనబడును. వానికి సరియైన సమాధానము చెప్పుటకు చదివిన శాస్త్రమంతయు కావలసివచ్చును. ఒక ఇంజనీరును, ఒక వైద్యుడును ఇద్దరు మార్గదర్శకులుగా ఉండవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. తాను పనిచేయు ఆసుపత్రి గదా యని రోగుల వివరములను విద్యార్థి తన సిద్ధాంతవ్యాసమునకు స్వేచ్ఛగా వాడుకొనరాదు. మనుష్యులపై జరుపు పరిశోధనలకు భారత వైద్యపరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకములు కలవు. నైతిక సంఘము అనుమతియు, రోగి సమ్మతియు వలయును. యంత్రమును గూర్చి నేర్చుటకు ముందు ఈ మర్యాదను నేర్పవలెను.

యజమానులును తమ వంతు చేయవలెను. వారమునకు ఒక పగలు, కనీసము సగము పగలు విద్యార్థికి విడువవలెను. రాత్రిపూట ప్రయోగశాలలు మూతపడియుండును. ఆ సగము పగలే అతనికి ప్రయోగశాల. ఆసుపత్రికి ఇది నష్టమను యజమాని, మరమ్మతు కంపెనీ మనిషికై యంత్రము ఎదురుచూచిన దినములను లెక్కించి చూచుకొనవలెను. ఇక చదువు మధ్యలో ఆగిపోయినవాని శ్రమ వృథా పోరాదు. 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను గరిష్ఠముగా ఏడేండ్లవరకు నిలువయుంచు ఏర్పాటు. ప్రసవమో, బదిలీయో, ఇంటిలో వ్యాధియో వచ్చి ఒక ఏడాది ఆగినవారికి ఇది పెన్నిధి. ఈ శాఖ పార్ట్‌టైమ్ విద్యార్థులందరికిని అది అందునట్లు చూడవలెను.

ఉపాధ్యాయుల పాలు

పాఠశాల ఉపాధ్యాయునికి ఈ పోస్టుగ్రాడ్యుయేటు చదువుతో ఏమి పని యని అనుకొనరాదు. దీనికి పునాది ఎనిమిదవ తరగతి బల్లలపైననే పడును. భౌతికశాస్త్రపు గదిలో పాదరసపు స్తంభమును చూపిన ఉపాధ్యాయుడు, రక్తపు పోటు 120 అనగా ఆ స్తంభముననే 120 మిల్లీమీటర్లని ఒక్క మాట చెప్పినచో విద్యార్థి మనస్సులో రెండు గదుల మధ్య తలుపు తెరచుకొనును. విశ్రాంతిగా నున్న మనిషి గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడును; దినమునకు ఎన్ని లీటర్లో లెక్కకట్టుమని గణితపు ఉపాధ్యాయుడు అడుగవచ్చును. 7,200 లీటర్లను సమాధానమును చూచి పిల్లవాడు తన గుండెపై చేయి వేసికొని ఆశ్చర్యపడును. ఆ ఆశ్చర్యము ఎం.పి.సి., బై.పి.సి. గోడను దాటి నిలువవలెను.

ఇంజనీరింగు ముగించి ఉద్యోగమున చేరిన పూర్వవిద్యార్థి ఉపాధ్యాయుని కలిసి "ఇక చదువు ముగిసినది" అన్నపుడు, ముగియలేదని చెప్పువాడు ఒకడు ఉండవలెను. పనిచేయుచున్న చోటునుండియే ఒక ప్రశ్నను ఎన్నుకొని, దాని సమాధానమునకై తరగతికి పొమ్మని అతడు చెప్పవలెను. చేరుటకుముందు ఆ తరగతిలో ఆసుపత్రి శిక్షణ కలదా, పరీక్ష పగటి విద్యార్థులతో సమానమా, యజమాని వారమునకు ఎన్ని గంటలు విడుచును, ఇంటివారు ఏమనుచున్నారు అని నాలుగు సంగతులు విచారించుకొమ్మని హెచ్చరింపవలెను. నాలుగింటికిని సరియైన సమాధానము దొరకనిచో ఒక ఏడాది ఆగుట తప్పు కాదు. దొరకినచో వెనుదీయుట తప్పు.

రెండు పడవల సామెత ఇచ్చట వర్తింపదు. ఈ శాస్త్రమునకు ఒడ్డులు రెండు, వైద్యశాల యొకటి, విద్యాశాల యొకటి, పడవ ఒక్కటే. దినమును అటునిటు తిరుగువాడే దానిని నడపగలడు. అతనికి తెడ్డు అందించుట విశ్వవిద్యాలయముల పని, రేవు చూపుట ఉపాధ్యాయుల పని.